సిక్కాల కోసం భార్య బంగారం తాకట్టా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. జీతం 48,000, ఇంటి ఖర్చు 35,000. తాతగారిచ్చిన ఉస్మానియా సిక్కాలతో మొదలుపెట్టి 20 ఏళ్లుగా నిజాం కాలం నాణేలు పోగు చేస్తున్నాను. వాటికి నెలకు 5,000 దాకా పెడతాను. ఒక సెట్టు కోసం నూటికి 3 రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాను. బ్యాంకులో 20,000 ఉన్నాయి. నాకు బీపీ ఉంది, హెల్త్ పాలసీ లేదు. అన్నీ అమ్మేయమని నా భార్య రోజూ గొడవ. ఇప్పుడు ఇంకో మంచి సెట్టు వచ్చింది. ఆమె బంగారం మీద లోన్ తీసుకుని కొనొచ్చా?

జవాబు: వద్దు. అస్సలు వద్దు. మోజుపడ్డ వస్తువును పెట్టుబడి అనుకుని అప్పు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే మీకు జవాబు రాస్తున్నాను. నూటికి 3 అంటే ఏడాదికి 36 శాతం. అసలులో రూపాయి తగ్గకుండా నెలకు 6,000 పోతోంది. ఏ సిక్కా ధర ఏటా అంత పెరుగుతుంది? దాని మీద ఆమె నగలు కూడా తాకట్టు పెడతానంటే ఎలాగండీ?

మీ ఆవిడ భయం నాకు అర్థమవుతోంది. అర్ధరాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే ఆస్పత్రిలో కట్టడానికి మీ దగ్గరున్నది 20,000. నాణేనికి సరైన ధర రావాలంటే తెలిసినవాడు దొరికేదాకా ఆగాలి. తొందరపడితే వెండి ధరే చేతికొస్తుంది. ఆరు నెలల ఖర్చు, అంటే 2,10,000, పక్కన లేని ఇంట్లో ఏ సేకరణా నిలవదు.

తాతగారి సిక్కాలు అమ్మమని నేను చెప్పను. 1959 దాకా మన దగ్గర చెల్లిన డబ్బు అది, అవి ఉండనివ్వండి. ఒకే రకానివి రెండేసి, మూడేసి ఉన్నవి తీయండి. వాటికి 1,20,000 వచ్చిందనుకుందాం, అదంతా అప్పుకే కట్టండి. మిగతా 80,000కు ఇప్పుడు కడుతున్న 6,000, నాణేలకు పెడుతున్న 5,000 కలిపి కడితే తొమ్మిదో నెలకు తీరిపోతుంది. తర్వాత అదే 11,000 నెలనెలా అత్యవసర నిధికి వేస్తే, బ్యాంకులో ఉన్న 20,000తో కలిపి ఏడాదిన్నరలో 2,10,000 అవుతుంది. అప్పటిదాకా ఒక్క నాణెం కూడా కొనకండి.

హెల్త్ పాలసీ మాత్రం ఈ నెలలోనే తీసుకోండి, బీపీ సంగతి దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బులకు 3 ఏళ్ల దాకా ఆగాల్సి రావచ్చు, కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. వ్యక్తిగత పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

అమ్మేటప్పుడు ముందుగా ఫీజు, కమీషన్ అడిగేవాళ్ల జోలికి పోకండి. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఇంకొక్క పని. ఏ నాణెం ఎంత చేస్తుందో, ఎవరికి అమ్మొచ్చో ఒక నోట్‌బుక్కులో రాసి, మీ ఆవిడతో కూర్చుని చూపించండి. రేపు మీకేమైనా అయితే అవి అమ్ముకోవాల్సింది ఆమే.