చర్చిలో పాట, ఇంట్లో ఏడుపు: దేవరకొండ దిక్కు చెల్లెలికి జవాబు

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు రాయొద్దని అడిగింది. వయసు 36, ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 9,000. భర్త ట్రాక్టర్ డ్రైవర్, కొంత భూమి కౌలుకు తీసుకుని పత్తి కూడా వేసేవాడు. నాలుగున్నర నెలల కింద కొండమల్లేపల్లి నుంచి బండి మీద వస్తుంటే వెనక నుంచి కారు గుద్దింది, తొడ ఎముక విరిగి రాడ్ వేశారు, ఇప్పటికీ కర్ర పట్టుకోకుండా నిలబడలేడు. అంతకుముందు వేసిన రెండు బోర్లు ఫెయిలయ్యాయి. ఆ ఖర్చు, ఆసుపత్రి ఖర్చు కలిపి మూడున్నర లక్షల అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. చుట్టాలందరిలో క్రైస్తవులు వీళ్లొక్కరే, వీళ్లతో ఉండే అత్తగారు హిందువు. చర్చిలో స్త్రీల సమాజం ఈ చెల్లెలే చూసుకుంటుంది.

ఆమె మాటల్లోనే కొంత: "అక్కా, మా మరిది అందరి ముందర 'ఇన్ని ప్రార్థనలు చేస్తిరి, మీ దేవుడు ఏం చేసిండు' అని అడిగిండు. అప్పటి నుంచి ఎవ్వరి ముందరా కంట నీరు పెట్టకుండా ఉంటున్న. నేను డీలా పడితే దేవుని పేరుకే మచ్చ వస్తదని భయం. చర్చిలో అందరికంటే గట్టిగా నేనే పాడుతున్న. మొన్న మా బిడ్డ, పదో తరగతి, 'అమ్మా, చర్చిల నవ్వుతవ్, ఇంట్ల బాత్రూంల నల్లా తిప్పి ఏడుస్తవ్, ఏది నిజం?' అన్నది. ఆ ఆదివారం నుంచి చర్చికి వస్తలేదు. నా సాక్ష్యం పోయినట్టేనా?"

చెల్లెమ్మా, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను. సాక్ష్యం సంగతి, అంటే నీ బతుకు చూసి జనం దేవుని గురించి ఏమనుకుంటారన్న సంగతి, తర్వాత మాట్లాడదాం. నీ ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఒక లైన్ రాశావు, మీ ఆయన గోడ వైపు తిరిగి పడుకుని "నేను లేకుంటే మీరన్నా బాగుంటరు" అన్నాడని. నువ్వు దాన్ని దాటేసి వెళ్లిపోయావు, నేను దాటలేను. ఆ మాటను విసుగు అనుకోవద్దు, విశ్వాసం తగ్గిందనీ అనుకోవద్దు. ఈ రోజే పక్కన కూర్చుని నేరుగా అడుగు, "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు, అట్లా పుట్టదు, అడిగేవాళ్లు దొరికారని మనిషికి బరువు కొంచెం దిగుతుంది. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందు డబ్బా ఇంట్లో గానీ కొట్టంలో గానీ ఉంటే ఈ రోజే ఇంట్లో లేకుండా చెయ్యి. రేపుమాపు అనొద్దు. 14416కు ఫోన్ చెయ్యి, అది టెలీ మానస్, ప్రభుత్వానిది, రాత్రి పగలు పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తర్వాత నల్లగొండ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి మానసిక వైద్యుడికి చూపించు. అవునని చెప్పినా, ఏదైనా చేసుకుంటాడని అనుమానం వచ్చినా ఒంటరిగా వదలకు, 112కు చెయ్యి. తొడకు రాడ్ వేయించడానికి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు దేవుణ్ని వదిలేశామని మీరెవరూ అనుకోలేదు కదా, ఇదీ అంతే.

ప్రవక్త ఏలీయా కథ నువ్వే ఎన్నోసార్లు స్త్రీల కూడికలో చెప్పి ఉంటావు. కర్మెలు కొండ మీద అంత పెద్ద పని చేసిన మనిషి, తర్వాత అడవిలో చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ఆయన్ని కోప్పడలేదు, ప్రసంగం చెయ్యలేదు. పడుకోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. మీ ఆయనకు ఇప్పుడు కావలసింది కూడా ముందు అదే. "ధైర్యంగా ఉండండి, మీరే ఇట్లా అయితే ఎట్లా" అనే మాటలు కొన్నాళ్లు ఆపెయ్, పక్కన కూర్చుని అన్నం తినిపించు.

ఇప్పుడు బిడ్డ సంగతి. ఆ పిల్ల దేవుని మీద అలిగి చర్చి మానలేదు, నీలో ఏ అమ్మను నమ్మాలో తెలియక మానింది. రెండు ముఖాలు చూస్తోంది, రెండింటిలో ఒకటి అబద్ధమైతే నువ్వు నేర్పిన ప్రార్థనలు కూడా అబద్ధమేనేమో అని దాని భయం. కాబట్టి దానికి చెప్పు, "రెండూ నిజమే బిడ్డా, పాడేటప్పుడు నమ్మే పాడుతున్న, నల్లా తిప్పినప్పుడు నాకు భయమేస్తుంది, నువ్వు భయపడతావని దాచిపెట్టిన." ఇంత చెబితే చాలు. చర్చికి రమ్మని బలవంతపెట్టకు, మానేసినందుకు ముఖం ముడుచుకోకు. రాత్రి ప్రార్థనలో మాత్రం ఇన్నాళ్లూ దాచిన మాటలు పైకే చెప్పు, అది వింటుండగానే, "ప్రభువా, వడ్డీకి డబ్బుల్లేవు, నాకు నీ మీద కోపం కూడా వస్తోంది" అని. తప్పు మాట అనుకుంటున్నావేమో, 88వ కీర్తన తీసి చదువు. అది చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర ఓదార్పు మాట ఒక్కటి లేదు, అయినా బైబిల్లో ఉంచారు. పిల్లల్లేని హన్నా షిలోహు మందిరంలో ఎంతగా ఏడ్చిందంటే పెదవులే కదులుతున్నాయి, గొంతు వినిపించలేదు, యాజకుడు ఏలీ ఆమె తాగి వచ్చిందనుకున్నాడు. తాగలేదయ్యా, మనోదుఃఖంతో ఉన్నాను అని ఆమె ఉన్నమాట చెప్పుకుంది. అదే మందిరంలో, పెద్దాయన ముందరే.

కష్టంలో ఉన్న విశ్వాసి ఏడవకూడదని ఎవరు నేర్పారో గానీ మన సంఘాల్లో ఈ అలవాటు గట్టిగా పాతుకుపోయింది, దానివల్ల ఆడవాళ్లే ఎక్కువ నలిగిపోతున్నారు. గెత్సేమనే తోటలో యేసు తన బాధ తనలో దాచుకోలేదు, పేతురును, యాకోబును, యోహానును పక్కకు తీసుకెళ్లి నా ప్రాణం మరణమంత దుఃఖంలో ఉంది, మీరు ఇక్కడే ఉండి మెలకువగా ఉండండి అని అడిగాడు. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలోనే, ఆసియలో మాకొచ్చిన శ్రమ మీకు తెలియకుండా ఉండకూడదు, బతుకుతామన్న నమ్మకం కూడా పోయింది అని రాశాడు. చూడు, తెలియాలనే రాశాడు.

మీ మరిది అడిగిన ప్రశ్న కూడా కొత్తది కాదు. తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చినప్పుడు చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు, చూడండి ఇతన్ని ఎంత ప్రేమించాడో అన్నారు. ఇంకొందరు, గుడ్డివాడి కళ్లు తెరిచినవాడు ఇతన్ని చావకుండా చెయ్యలేకపోయాడా అన్నారు. యోహాను సువార్త 11వ అధ్యాయంలో ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయన వాళ్లకు జవాబు చెప్పలేదు, కన్నీళ్లు తుడుచుకుని ధైర్యంగా కనిపించాలనీ చూడలేదు, మూలుగుతూనే సమాధి దగ్గరికి నడిచాడు. మీ మరిది మళ్లీ అడిగితే, "ఎందుకు జరిగిందో నాకు తెలియదు మరిదీ, నాకూ బాధగానే ఉంది, కానీ ఆయన్ని వదలలేను" అని చెప్పు, అక్కడితో ఆపెయ్. ఇంకొక్క మాట, అతను అడిగింది వెటకారమే కాకపోవచ్చు, మంచాన పడ్డది అతనికి అన్న.

అత్తగారి విషయంలో నువ్వు రాసింది చదివి నాకు నిజంగా బాధేసింది. ఆమె నల్లగొండ లతీఫ్ సాహెబ్ గుట్ట మీది దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి కొడుకు చేతికి కడితే నువ్వు తెంపి బయట పారేశావు, వాడకట్టంతా వినేటట్టు అరిచావు, అప్పటి నుంచి ఆమె నీ చేతి అన్నం తినడం లేదు. తాయెత్తు వద్దనుకోవడం నీ విశ్వాసం, అది మార్చుకోమని నేను చెప్పను. కానీ ఆ వయసులో ఆమె అంతదూరం బస్సెక్కి పోయి, ఎండలో గుట్ట ఎక్కింది కొడుకు కోసం. నీకు తెలిసిన దేవుణ్ని నువ్వు అడిగావు, ఆమెకు తెలిసిన చోటికి ఆమె పోయింది. పేతురు తన మొదటి పత్రికలో, మీ నిరీక్షణ గురించి అడిగేవాళ్లకు జవాబు చెప్పండి అన్నప్పుడు "సాత్వికముతోను భయముతోను" అని షరతు పెట్టాడు, ఆ పత్రిక అందుకున్నవాళ్లు కూడా చుట్టుపక్కల జనం నిందలు పడుతున్నవాళ్లే. కాబట్టి పోయి, "అత్తమ్మా, తాయెత్తు నేను ఒప్పుకోలేను, కానీ అట్ల అరవడం, పారెయ్యడం నాదే తప్పు, నీ కొడుకు మీద నీకెంత ప్రేమ ఉందో నాకు తెలుసు" అని చెప్పు. బిడ్డ ముందరే చెప్పు. అరిచినప్పుడు వాడకట్టు విన్నది కదా, ఇది కూడా విననీ. ఇంట్లో మీ ఆయన దగ్గర రాత్రి మెలకువగా కూర్చోవడానికి నీకు తోడు కావాలి, ఆమె కంటే మంచి తోడు ఎవరున్నారు?

ఇక డబ్బు సంగతి, దీంట్లో నీతో కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఆసుపత్రి నుంచి వచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టి, వచ్చినవాళ్లందరికీ భోజనాలు పెట్టడానికి ఇంకో 15,000 వడ్డీకి తెచ్చావు, పెట్టకపోతే చర్చిలో ఏమనుకుంటారో అని. అవసరం లేదు చెల్లెమ్మా. కృతజ్ఞత చెప్పాలంటే ఇంట్లో నలుగురు కూర్చుని పాట పాడి చెప్పొచ్చు. మూడున్నర లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 10,500, నీ జీతం కంటే ఎక్కువ, ఏడాదికి నూటికి 36. ఈ వడ్డీ మీద ఇంకో రూపాయి కూడా తేవద్దు. ఊళ్లోని మహిళా సంఘంలో సభ్యురాలివి అని రాశావు, అయితే సంఘం లీడరును, వీవోఏను, అంటే గ్రామ సంఘం సహాయకురాలిని కలిసి బ్యాంకు రుణం ఎంతవరకు వస్తుందో అడుగు, దాని వడ్డీ దీంతో పోలిస్తే చాలా తక్కువ, ఎంత వస్తే అంత తెచ్చి ముందు బయటి అప్పులో అసలు తగ్గించు. అప్పిచ్చినవాళ్లు ఇంటికి వచ్చేదాకా ఆగకు, గడువుకు ముందే నువ్వే పోయి, ఇంత మాత్రమే కట్టగలను, ఈ తేదీకి కడతాను అని చెప్పు, అన్న తేదీకి కట్టు. కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనకాల తేదీతో రాయించి సంతకం పెట్టించుకో. సాక్ష్యం గురించి అడిగావు కదా, ఊళ్లో జనం విశ్వాసిని గమనించేది ఎక్కువగా ఇక్కడే, పాట ఎంత గట్టిగా పాడారో వాళ్లెవరికీ గుర్తుండదు, అన్న తేదీకి డబ్బు తెచ్చిందా, ఫోన్ ఎత్తిందా, అబద్ధం చెప్పిందా అన్నది గుర్తుంటుంది.

ఇంకొకటి. కారు నంబరు దొరికింది, పోలీసులు ఎఫ్ఐఆర్ కూడా రాశారు, కానీ విశ్వాసులు కోర్టుకెక్కకూడదని ఒకరు చెప్పారని నష్టపరిహారం కేసు వెయ్యలేదన్నావు. పౌలు కొరింథువాళ్లకు చెప్పింది సంఘంలో సహోదరుడి మీద సహోదరుడు వ్యాజ్యానికి పోవడం గురించి. అదే పౌలు తనను కొరడాలతో కొట్టబోతే నేను రోమా పౌరుణ్ని అన్నాడు, తర్వాత రోమా చక్రవర్తి కైసరు ముందు చెప్పుకుంటానని అడిగాడు. ప్రమాదానికి పరిహారం అడగడం పగ తీర్చుకోవడం కాదు, చాలావరకు ఆ డబ్బు కట్టేది బండి బీమా కంపెనీ. మోటారు ప్రమాదాల కేసు ఆరు నెలల్లోపు వెయ్యాలని చట్టంలో ఉంది, నీకు నాలుగున్నర నెలలు అయిపోయాయి. ఈ వారమే ఎఫ్ఐఆర్ కాపీ, డిశ్చార్జ్ కాగితాలు, బిల్లులు, మీ ఆయన ఆధార్ పట్టుకుని నల్లగొండ కోర్టులో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పో. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. ముందు అడిగి తెలుసుకోవాలంటే 15100కు ఫోన్ చెయ్యి. గాయపడ్డది మీ ఆయన కాబట్టి కేసు ఆయన పేరు మీదే వెయ్యాలి, ఉచిత వకీలు ఆయనకు ఎట్లా వర్తిస్తుందో వాళ్లే చెబుతారు. ఎవరో ఏజెంటు వచ్చి సగం నాకివ్వు అంటే కాగితాల మీద సంతకం పెట్టొద్దు.

"నీలో ఏదో పాపం ఉంది, అందుకే ఈ కష్టం" అన్నాడని నువ్వు రాసిన ఆ పెద్దమనిషి గురించి ఎక్కువ రాయను. కష్టంలో ఉన్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నప్పుడే అతనికి మేలు చేశారు. పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు. అంతకుమించి జవాబు అక్కర్లేదు.

మన దిక్కు సంఘాలు ఎట్లా మొదలయ్యాయో మీ చర్చి పెద్దవాళ్లను అడుగు. 1890ల నాటికే నల్లగొండలో మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు ఉన్నారు, తర్వాత నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి దాకా పోయారు, జడ్చర్లలో ఆసుపత్రి పెట్టారు. ఆ చర్చిల్లో కూర్చున్నవాళ్లు ఎవరు? ఎక్కువమంది మాల మాదిగ వాడల కూలీలు. పాలమూరు నుంచి మట్టి పనికి దేశమంతా తిరిగిన కుటుంబాలూ వాళ్లలో ఉన్నాయి. కరువు, అప్పు, వెట్టి అన్నీ నెత్తిన పెట్టుకునే వచ్చి పాడారు. మా ఇంట్లో కష్టం లేదని చూపించుకునే అవసరం వాళ్లకు రాలేదు, పక్కవాడికి తెలియని కష్టమేదీ వాళ్ల దగ్గర లేదు కూడా.

వచ్చే నెల స్త్రీల కూడికలో "శ్రమల్లో సంతోషం" మీద వాక్యం చెప్పమన్నారు, చెప్పాలా మానాలా అని అడిగావు. ఒంట్లో ఓపిక లేకపోతే ఈసారి నా వల్ల కాదు, ఇంకో అక్కను చెప్పమనండి అను. బాధ్యత కొన్నాళ్లు ఇంకొకరికి అప్పజెప్పినా తప్పు లేదు. చెప్పాలనిపిస్తే మాత్రం 88వ కీర్తన చదివి, వడ్డీ సంగతి, మీ ఆయనకు మనసు బాగాలేని సంగతి చెప్పు, కానీ అంతకు ముందే ఆయన్ని అడుగు, ఆయన సరే అన్నంతవరకే చెప్పు. "నా కోసం ప్రార్థన చేయండి" అని ఆపకుండా, ఫలానా వారం నేను కోర్టుకు పోవాలి, ఇంటి దగ్గర ఆయనతో కూర్చోవడానికి ఇద్దరు రావాలి అని పేరు పెట్టి అడుగు. ఎవరు వస్తారో చూడు. ఆసుపత్రిలో డాక్టర్ ఏమన్నాడో నాకు రాయి, మీ ఆయన గురించే ముందు రాయి.