పాతికేళ్ల సర్వీసున్న టీచర్లకు నేనేం చెప్పాలి?

ప్రశ్న: ఎం.ఎడ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్ కోసం డైట్‌కు (టీచర్లను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థ) వెళ్తున్నాను. వచ్చే నెల స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరదగ్గరి బడుల సముదాయం) మీటింగ్‌లో ప్రైమరీ టీచర్లకు గంటన్నర సెషన్ నన్నే తీసుకోమని మా గైడ్ సార్ అన్నారు. టాపిక్ మూడో తరగతి తీసివేతలు. ముప్పై ఐదు మంది దాకా వస్తారు. వాళ్లలో సగం మందికి నా వయసంత సర్వీసు ఉంది. నలభై స్లైడ్లు తయారు చేసుకున్నాను, అయినా తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలోనే స్థిరపడాలని నా కోరిక. ఆ దారిలో ఉద్యోగాలున్నాయా? – ఒక విద్యార్థిని, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, అది చిన్నది కాబట్టి.

పని ఉంది. ప్రతి టీచరూ, ప్రతి హెడ్‌మాస్టరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. 2019లో మొదలైన 'నిష్ఠ' అనే కేంద్ర ప్రభుత్వ టీచర్ల శిక్షణ కార్యక్రమం ఒక్కటే దాదాపు 42 లక్షల మందిని లక్ష్యంగా పెట్టుకుంది. ఇంతమందికి చెప్పడానికి మనుషులు కావాలి కదా. కానీ పని ఉన్నంతగా పోస్టులు లేవు. డైట్ లెక్చరర్ నోటిఫికేషన్ ఎప్పుడో గానీ రాదు. బీఈడీ కాలేజీలో చేరాలంటే ఎం.ఎడ్‌తో పాటు ఒక సబ్జెక్టులో పీజీ, రెండింట్లోనూ 55 శాతం మార్కులు ఉండాలి. ఎడ్యుకేషన్‌లో నెట్ (లెక్చరర్ల జాతీయ అర్హత పరీక్ష) కూడా రాసి పెట్టుకోండి. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రథమ్ లాంటి సంస్థలు టీచర్లతో పనిచేసేవాళ్లను తీసుకుంటాయి. నా సలహా అడిగితే మాత్రం, టెట్, డీఎస్సీ రాసి కొన్నేళ్లు బడిలో పాఠం చెప్పండి. మండల, జిల్లా స్థాయిలో శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్లను ఎక్కువగా పనిచేస్తున్న టీచర్ల లోంచే తీసుకుంటారు. పైగా ముప్పై మంది పిల్లల మధ్య నిలబడ్డ మనిషి మాటను టీచర్లు వినే తీరే వేరు.

ఇక మీ సెషన్. ఆ నలభై స్లైడ్లు పక్కన పెట్టేయండి. కాంప్లెక్స్ మీటింగ్ జరిగేది మామూలు క్లాస్‌రూమ్‌లో. ప్రొజెక్టర్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా కరెంటు గ్యారంటీ లేదు. అసలు ఇబ్బంది అది కూడా కాదు. స్లైడ్ మీద ఉన్నది చదవడానికి మీరు అక్కడ ఉండనక్కర్లేదు.

నేను మొదటిసారి టీచర్లకు శిక్షణ ఇచ్చినప్పుడు పిల్లలు ఎలా నేర్చుకుంటారో సిద్ధాంతాలు చెప్పిన పియాజే, వైగోట్‌స్కీల మీద గంటసేపు మాట్లాడాను. వెనక బెంచీలో ఒక మేడం తలెత్తకుండా రాసుకుంటున్నారు. శ్రద్ధగా వింటున్నారని సంతోషించాను. మాట్లాడుతూ అటువైపు వెళ్తే కనిపించింది, ఆమె మధ్యాహ్న భోజనం లెక్కలు వేసుకుంటున్నారు. ఆ రోజు చాలా బాధపడ్డాను. ఆమె తప్పేమీ లేదని అర్థం కావడానికి కొంత కాలం పట్టింది. ఆమె ఆ లెక్కలు సాయంత్రానికి అప్పజెప్పాలి. నేను చెప్తున్నదానిలో మర్నాడు ఆమె బడిలో పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

అందుకని ఈ వారమే దగ్గర్లో ఉన్న ఒక ప్రైమరీ స్కూలుకు వెళ్లండి. ఆ హెడ్‌మాస్టర్‌ను అడిగి, మూడో తరగతి పిల్లలకు నాలుగు తీసివేతలు ఇవ్వండి. పేర్లు కనపడకుండా నోట్‌బుక్ పేజీలు జిరాక్స్ తీసుకోండి. ఒక జాగ్రత్త: ఆ స్కూలు మీ సెషన్‌కు వచ్చే కాంప్లెక్స్‌లోది కాకూడదు. తన క్లాసు పిల్లల తప్పులు నలుగురిలో చూపిస్తే ఏ టీచరైనా చిన్నబుచ్చుకుంటారు. ఇక మీరేం చెప్పినా చెవికెక్కదు.

ఆ పేజీల్లో 42 – 17 = 35 అని రాసిన పిల్లలు తప్పకుండా దొరుకుతారు. సెషన్ దానితోనే మొదలుపెట్టండి. పరిచయాలు, లక్ష్యాలు చదవడం ఏమీ వద్దు. బోర్డు మీద ఆ లెక్క వేసి, 'ఈ పిల్లాడు ఏమనుకుని 35 రాసి ఉంటాడు?' అని అడగండి. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిద్దర్ని మాట్లాడుకోమనండి.

చాలామంది వెంటనే చెప్పేది ఒకటుంది. 2 లోంచి 7 పోదు కాబట్టి పిల్లాడు తిరగేసి 7 లోంచి 2 తీశాడు, 5 వచ్చింది. 4 లోంచి 1 తీస్తే 3. మొత్తం 35. సరైన ఊహే. అక్కడితో ఆగనివ్వకండి. ఇంకో పిల్ల కూడా 35 రాసింది, కానీ ఆమె తిరగెయ్యలేదు. పక్కనుంచి అప్పు తెచ్చుకుంది, 12 లోంచి 7 తీసి 5 రాసింది. అప్పిచ్చిన 4ను 3 చేయడం మర్చిపోయి 4 లోంచి 1 తీసింది. ఆమెకూ 35 వచ్చింది. ఇద్దరి నోట్‌బుక్కుల్లోనూ ఒకటే తప్పు కనిపిస్తుంది, ఇద్దరి బుర్రల్లో ఉన్నది మాత్రం వేర్వేరు. మొదటివాడికి పదుల కట్ట విప్పడమంటే, అంటే ఒక పదిని పది ఒకట్లుగా మార్చడమంటే ఏంటో తెలియదు. రెండో పిల్లకు తెలుసు, ఒక మెట్టు జారింది. ఇద్దరికీ ఎర్ర ఇంకుతో ఇంటూ కొట్టి అదే లెక్క పదిసార్లు చేయించడం వల్ల ఇద్దరికీ మేలు జరగదు.

ఇప్పుడు అసలు పని అప్పజెప్పండి: 'ఈ ఇద్దరినీ విడదీసి పట్టుకునే లెక్క ఒకటి మీరే తయారుచెయ్యండి.' మీ భయం పోయేది ఇక్కడే అనిపిస్తుంది నాకు. ఎందుకంటే ఇక్కడ పాతికేళ్ల సర్వీసు మీకు ఎదురు నిలబడదు, మీ పక్కన నిలబడుతుంది. వాళ్లు చూసినన్ని తప్పుడు తీసివేతలు మీరు చూడలేదు. ఎవరో ఒకరు 40 – 17 దగ్గరికి వస్తారు. తిరగేసే పిల్లాడు దానికి 37 రాస్తాడు, తగ్గించడం మర్చిపోయే పిల్ల 33 రాస్తుంది. ఒక్క లెక్కతో ఇద్దరూ దొరికిపోయారు. ఎవరూ రాకపోతే మీరు చెప్పండి, కానీ పది నిమిషాలు ఓపిక పట్టిన తర్వాతే.

పెద్దవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్నవాళ్లలో కొందరు కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో 'ఆపెప్' నడిచేది. బ్రిటన్ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో అమలైన ప్రాథమిక విద్యా పథకం అది. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, చుట్టూ దొరికే వస్తువులతోనే పాఠం చెప్పాలి, గోడల మీద పిల్లలు చేసినవి ఉండాలి అని అప్పుడే చెప్పారు. టీచర్ సెంటర్లలో కూర్చుని చర్చించుకునేవారు. తీసివేత చూపించడానికి మీరు పుల్లల కట్టలు తీయగానే వాళ్లు 'ఇవన్నీ మేం చేసినవే' అనొచ్చు. నొచ్చుకోకండి. నిజంగానే చేశారు. 'అప్పుడు ఏం ఇబ్బంది వచ్చింది సార్?' అని అడిగి రాసుకోండి. మీ ఎం.ఎడ్ పుస్తకాల్లో దొరకని విషయం అక్కడ దొరుకుతుంది.

పుల్లలు ఎలాగూ తీసుకెళ్లండి. చీపురు పుల్లలు సమంగా విరిచి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేస్తే చాలు. ఇద్దరికి నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి, 17 పుల్లలు మీకివ్వమనండి. కట్ట విప్పక తప్పదు. ఒకరు కట్ట విప్పుతుంటే రెండోవారు అదే క్షణంలో నోట్‌బుక్‌లో 4 కొట్టేసి 3, పక్కన 12 రాయాలి. చెయ్యీ పెన్సిలూ కలిసి నడవాలి. బడుల్లో ఎక్కువగా తెగిపోయే చోటు ఇదే. సోమవారం పుల్లలతో ఆడిస్తారు, బుధవారం బోర్డు మీద అప్పు తెచ్చుకోవడం నేర్పుతారు. ఈ రెండూ ఒకటేనని పిల్లలకు ఎవరూ చెప్పరు.

మధ్యలో ట్రాన్స్‌ఫర్లు, డీఏలు, యాప్‌లలో ఫొటోలు ఎక్కించే బాధ ప్రస్తావనకు వస్తాయి. వినండి. 'అది నా చేతిలో లేదండీ, కానీ మీరు చెప్పింది నిజమే' అని నిజాయితీగా చెప్పి లెక్కలోకి రండి. ఒక్కరే టీచరున్న బడి నుంచి వచ్చినవాళ్లు 'అయిదు తరగతులతో ఇవన్నీ ఎలా కుదురుతాయి?' అని అడిగితే దాటవేయకండి. వాళ్లకు రెండే లెక్కలున్న చీటీ చాలు. మిగతా తరగతులు రాతపనిలో ఉండగా పది నిమిషాల్లో అయిపోతుంది. ఏ పిల్లలు 37 రాశారో, ఎవరు 33 రాశారో చూసుకుంటే మర్నాడు ఎవరి పక్కన కూర్చోవాలో తెలుస్తుంది.

చివరి పదిహేను నిమిషాలు ఎవరికీ ఇవ్వకండి, ఎంఈఓ (మండల విద్యాధికారి) గారి ప్రసంగానికి కూడా. ఆ మాట ముందే గైడ్ సార్ చేత చెప్పించండి. ప్రతి టీచరూ తాను ఏ రోజు, ఏ తరగతిలో, ఏ రెండు లెక్కలు ఇస్తారో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం వాళ్ల దగ్గరే ఉంటుంది, మీరు ఫొటో తీసుకుంటే చాలు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో 'చాలా బాగుంది' అని అందరూ రాస్తారు, దాన్ని పట్టించుకోకండి.

రెండు వారాలు ఆగి వాళ్లలో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయండి. ఒప్పుకుంటే ఒకరి బడికి వెళ్లి వెనక కూర్చోండి. అక్కడ 40 – 17 చేసిన పిల్లల పేజీలు, మీ సెషన్ ప్లాను, మీరు అనుకున్నట్టు జరగనివి ఏమిటో రాసుకున్న ఒక పేజీ కలిపి ఫైలు చేసుకోండి. రేపు ఏ ఇంటర్వ్యూకు వెళ్లినా సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఇది కూడా బల్ల మీద పెట్టండి. ముందు మాత్రం, రేపు పొద్దున్నే ఆ స్కూలుకు వెళ్లి నోట్‌బుక్కులు అడగండి.