డిగ్రీ ఆపేసి ఫొటో ఎడిటింగ్ నేర్చుకుంటానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది బొబ్బిలి. చిన్నమ్మాయి విజయనగరం హాస్టల్లో ఉండి బీకాం రెండో సంవత్సరం చదువుతోంది. సాయంత్రాలు ఒక స్టూడియోలో పెళ్లి ఫొటోల్లో మొటిమలు, మచ్చలు తీసే పని చేస్తోంది. ఇప్పుడు డిగ్రీ ఆపేసి హైదరాబాద్‌లో ఏఐ ఫొటో ఎడిటింగ్ కోర్సులో చేరతానంటోంది. వాళ్ల అక్క సంబంధాల ఫొటోకి నేను చెబితే తనే రంగు తేల్చింది, బాగా వచ్చింది. కానీ ఇదీ ఒక ఉద్యోగమేనా? రేపు సంబంధాల వాళ్లు అడిగితే ఏం చెప్పాలి? కోర్సు మేలా, డిగ్రీ మేలా, పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, మీ టెన్షన్ కోర్సు ఫీజు గురించి కాదని అర్థమైంది. నలుగురికీ ఏం చెప్పుకోవాలన్నదే మీ బాధ. బ్యూటీషియన్, టైలరింగ్, వీడియో ఎడిటింగ్ అంటూ నాకొచ్చే ఉత్తరాల్లో పని పేరు మారుతుంది, భయం మాత్రం ఇదే. అందుకే ముందు ఆ పనేమిటో తెలుసుకోండి.

చర్మం దిద్దడమంటే ముఖం నున్నగా చేసేయడమని చాలామంది అనుకుంటారు. కొత్తవాళ్లు చేసేదీ అదే. ముఖమంతా బ్లర్ కొడితే చర్మపు రంధ్రాలు, సన్నగీతలు పోయి పెళ్లికూతురు మైనపుబొమ్మలా తయారవుతుంది. పని తెలిసినవాళ్లు ఫొటోషాప్‌లో చర్మపు గరుకునంతా ఒక లేయర్ (పొర)లోకి, రంగునూ వెలుగునీడలనూ ఇంకో లేయర్‌లోకి విడదీసుకుంటారు. దీన్నే ఫ్రీక్వెన్సీ సెపరేషన్ అంటారు. మొటిమను ఒక లేయర్‌లో తీసి, దాని చుట్టూ ఉన్న ఎరుపును రెండోదాంట్లో సర్దుతారు. మన పెళ్లిళ్లలోనైతే చిక్కులు ఇంకా ఎక్కువ. నలుగు పెట్టి స్నానం చేయించిన ఒంటికి పసుపు ఛాయ ఉంటుంది. మేకప్ వేసిన ముఖం ఒక రంగు, మెడ ఇంకో రంగు. పైన స్టేజీ మీద ఊదారంగు లైట్లు. ఇదంతా ఒకే మనిషి ఒళ్లులా కనిపించాలి. నాలుగు రోజుల్లో తగ్గిపోయే మొటిమ తీసేయొచ్చు. పుట్టుమచ్చ తీయాలంటే మాత్రం ఆ మనిషిని అడగాలి. టెన్త్ సర్టిఫికెట్‌లో గుర్తుగా రాసేది దాన్నే కదా! పాస్‌పోర్టు ఫొటోనైతే సాఫ్ట్‌వేర్‌తో దిద్దనేకూడదు. ఇంత చూసుకుని చేసే పనిని ‘ఇదీ ఒక ఉద్యోగమేనా’ అంటున్నారు మీరు.

ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. పెద్దమ్మాయి రంగు తేల్చమని ఎందుకు చెప్పారు? ఆ ఫొటో చూసి వచ్చినవాళ్లు పెళ్లిచూపుల్లో తన ముఖంకేసి చూసినప్పుడు, వాళ్ల చూపులో మార్పును భరించాల్సింది ఆ పిల్లే. చెల్లెలి చేత అక్క రంగు మార్పించారు, బాగుందన్నారు, మళ్లీ అదే చేతిపనిని చిన్నచూపు చూస్తున్నారు. ఇద్దరికీ అన్యాయం చేశారు. ఆ ఫొటో పక్కన పెట్టి అసలుది పంపండి.

అలాగని అమ్మాయి చెప్పే ఏఐ కోర్సుకి నేను సరే అనలేను. 2002లో ఫొటోషాప్ 7తో హీలింగ్ బ్రష్ వచ్చింది, మచ్చ తీయడం తేలికైంది. 2020లో అదే ఫొటోషాప్‌లో ఏఐతో పనిచేసే న్యూరల్ ఫిల్టర్స్ వచ్చాయి, స్లైడర్ జరిపితే చర్మం నునుపవుతోంది. ఇప్పుడు పెళ్లి ఫొటోలన్నీ ఒకేసారి దిద్దిపెట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి. మచ్చలు తీయడం ఒక్కటే వచ్చినవాళ్లకు ముందు ముందు పని తగ్గుతుందనే నా భయం. కోర్సులో ఏ బటన్ ఎక్కడుందో మాత్రమే నేర్పితే, కొత్త వెర్షన్ రాగానే ఆ చదువు పాతబడుతుంది. దానికోసం డిగ్రీ వదలడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అనేవాళ్లను, కిందటి బ్యాచ్‌ పిల్లలతో మాట్లాడించమని అడగండి. తటపటాయిస్తే లేచి వచ్చేయండి.

మరి మిగిలేదేమిటంటారా? ఏది ఉంచాలో తెలిసిన కన్ను. పసిపిల్ల బుగ్గన పెట్టిన దిష్టిచుక్కను సాఫ్ట్‌వేర్ మచ్చ అనుకోవచ్చు. చామనఛాయను అడక్కుండానే తెల్లబరచవచ్చు. అలాంటివి పట్టుకుని సరిచేసేవాళ్లు కావాలి. ఆల్బమ్ డిజైనింగ్, ప్రింటుకు రంగులు సరిచూడడం, చిరిగిన పాత ఫొటోలను బాగుచేయడం, నగల కేటలాగులు, ఇవన్నీ ఆ కన్నుతోనే చేసే పనులు. మీ అమ్మాయికి పునాది పడింది కాబట్టి బెంగ పడకండి.

పోలిక అడిగారు కదా, డిగ్రీ పూర్తి చేయడమే మేలు. డిగ్రీతో బ్యాంకు, గ్రూప్స్ పరీక్షల దారి తెరిచే ఉంటుంది. రేపు సొంత స్టూడియో పెట్టినా లెక్కలు, జీఎస్టీ తనే చూసుకుంటుంది. ఇంటర్ దగ్గరే ఈ ఆసక్తి ఉన్న పిల్లలైతే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫొటోగ్రఫీతో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ (బీఎఫ్ఏ), విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం గురించి వాకబు చేయండి.

సంబంధాల వాళ్లు అడిగితే ‘బీకాం చదువుతోంది, ఫొటో ఎడిటింగ్ చేసి సంపాదిస్తోంది’ అని తలెత్తుకుని చెప్పండి. అయినా రెండో సంవత్సరం పిల్లకు ఇప్పుడే ఆ తొందరేమిటి? వచ్చే ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, స్టూడియోలు కాస్త తీరిగ్గా ఉంటాయి. అప్పుడు ఆల్బమ్ డిజైనింగ్, ప్రింటింగ్ పని దగ్గరుండి నేర్పమని ఓనర్‌ని అడగమనండి. ఫొటోల్లోని వాళ్ల అనుమతి తీసుకుని, తను దిద్దకముందు ఎలా ఉన్నాయో, దిద్దాక ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి ఒక ఫోల్డర్ తయారు చేసుకోమనండి. పని ఇచ్చేవాళ్లు ముందు అడిగేది అదే.