కొత్త తొట్టిలో చేపలు ఎందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: పదిహేను రోజుల క్రితం కొళత్తూరులో చేపల తొట్టి (రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు), ఫిల్టర్, అయిదు గోల్డ్‌ఫిష్‌లు కొన్నాం. మా పాపకు ఎనిమిదేళ్లు, రోజుకు మూడుసార్లు మేత వేస్తోంది. మూడో రోజుకే నీళ్లు తెల్లగా మబ్బుపట్టినట్టు అయ్యాయి. అన్నీ పారబోసి రాళ్లు, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద కడిగి మళ్లీ నింపాను. ఇప్పటికి మూడుసార్లు ఇలాగే చేశాను. రెండు చేపలు పోయాయి, మిగతావి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పాప ఏడుపు చూడలేకపోతున్నాను. మాకు కొన్నాళ్లు మెట్రో వాటర్, కొన్నాళ్లు బోరు నీళ్లు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విల్లివాక్కం, చెన్నై

జవాబు: కారణాలు తర్వాత చెప్తాను, ముందు ఈ పని చేయండి. రెండు రోజులు మేత ఆపండి, గోల్డ్‌ఫిష్‌కి ఏమీ కాదు. సగం నీళ్లు తీసేసి, ఇంచుమించు అంతే వెచ్చగా ఉన్న కొత్త నీళ్లు మెల్లగా పోయండి. మెట్రో వాటర్ అయితే అందులో క్లోరిన్ ఉంటుంది కాబట్టి షాపుల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కల మందు కలిపాకే పోయాలి. ఎయిర్ పంప్, ఫిల్టర్ రాత్రింబవళ్లు నడవాలి. స్పాంజిని మాత్రం దయచేసి ముట్టుకోకండి.

మీ చేపల్ని ఇబ్బంది పెడుతున్నది ఆ తెల్లదనం కాదు, కంటికి కనపడని అమ్మోనియా. చేప విసర్జించేదీ, తినకుండా మిగిలిన మేత కుళ్లినప్పుడు వచ్చేదీ అదే. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి నీళ్లలో తేలుతూ ఉండేవి కావు, స్పాంజికీ రాళ్లకీ అంటుకుని నెమ్మదిగా పెరుగుతాయి, అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు కుళాయి కింద కడిగిన ప్రతిసారీ అప్పుడప్పుడే పట్టుకుంటున్నవి కాస్తా క్లోరిన్‌కి పోయి, లెక్క మళ్లీ మొదటికొచ్చింది. షాపువాళ్లు ఈ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. తెల్లదనం కూడా బ్యాక్టీరియా వల్లే, కాకపోతే అది వేరే రకం, కదిలించకుండా వదిలేస్తే కొద్ది రోజుల్లో దానంతటదే తేరుకుంటుంది.

చెన్నై ఎండకి ఇది ఇంకాస్త కష్టం. పీహెచ్ (నీళ్లు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) 7, వేడి 25 డిగ్రీలు ఉన్న నీళ్లలో మొత్తం అమ్మోనియాలో సుమారు అరశాతమే విషంగా పనిచేస్తుంది. అదే పీహెచ్ 8, వేడి 30 డిగ్రీలు అయితే 7 శాతం దాటుతుంది. పైగా వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. నోళ్లు తెరవడానికి ఇవి రెండూ కారణమే.

చుక్కలు వేసి రంగు చూసే టెస్ట్ కిట్ ఒకటి కొనండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ చూసేది. రోజూ రంగు పోల్చి నోట్‌బుక్‌లో రాసే పని పాపకి ఇవ్వండి, మేత వేయకుండా ఉండటానికి తనకీ ఒక కారణం దొరుకుతుంది. రెండింటిలో ఏది 0.5 పీపీఎం (లీటరుకు అర మిల్లీగ్రాము) దాటినా పావు నుంచి సగం దాకా నీళ్లు మార్చాలి. అమ్మోనియా దిగగానే అయిపోయిందనుకోకండి, అప్పుడే నైట్రైట్ లేస్తుంది, అది చేప రక్తానికి ఆక్సిజన్ అందనివ్వదు. ఆ రోజుల్లో పది లీటర్లకు ఒక చిన్న చెంచాడు కల్లుప్పు కరిగించి పోస్తే నైట్రైట్ మొప్పల్లోంచి లోపలికి వెళ్లడం తగ్గుతుంది. నీళ్లు మార్చినప్పుడు తీసిన నీళ్లకి సరిపడా ఉప్పే మళ్లీ వేయాలి.

తొందరగా కుదరాలంటే ఒక దారి ఉంది. ఎవరింట్లోనైనా నెలల తరబడి నడుస్తున్న, జబ్బుల్లేని తొట్టి ఉంటే వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడిగి, ఆ తొట్టి నీళ్లలోనే తడిగా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. పాలకి తోడు వేసినట్టే. నేనైతే సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా కంటే దీన్నే నమ్ముతాను.

మేత వేస్తున్నా అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం పాటు సున్నా చూపిస్తే తొట్టి కుదిరినట్టు. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చి, స్పాంజి మురికి పట్టినప్పుడు అలా తీసిన నీళ్ల బకెట్‌లోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. కొత్త చేపలు మాత్రం కొనొద్దు. మీ తొట్టిలో పట్టేది 56 లీటర్లు, గోల్డ్‌ఫిష్ బాగా పెరిగే చేప, ఆ మూడింటికే త్వరలో పెద్ద తొట్టి కావాలి.

ప్రశ్న: ఈ గొడవంతా లేకుండా తాగే ఆర్ఓ నీళ్లే పోస్తే?
– మరో పాఠకుడు, చెన్నై

జవాబు: ఒక్క ఆర్ఓ నీళ్లే వద్దు. అందులో ఖనిజాలు దాదాపు ఉండవు, ఆ బ్యాక్టీరియా పని చేస్తున్నకొద్దీ నీళ్లలోని బైకార్బొనేట్‌ని వాడుకుంటాయి, అది అయిపోతే పీహెచ్ ఒక్కసారిగా పడిపోయి వాటి పని మందగిస్తుంది. మీ బోరు నీళ్లు మరీ కఠినంగా ఉంటే సగం అవి, సగం ఆర్ఓ కలపండి. ఒక పాళ్లలో మొదలుపెడితే ప్రతి వారం అదే పాళ్లు.