బెల్టు కడితే నడుం నొప్పి ఆగుతుందా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో హమాలీని. 40 కేజీలు దాటిన టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తాను. లారీకి ఎత్తేటప్పుడు నడుం పట్టేస్తోంది. బెల్టు కొనమంటారా అన్నా?

జవాబు: బెల్టు మీద ఆశ పెట్టుకోకు తమ్ముడూ, అది బరువు తగ్గించదు. నేను ఫిజియోథెరపిస్టునే అయినా, మా నాన్న కూడా హమాలీయే. కొక్కెం పట్టీ పట్టీ కాయలు కాసిన ఆ అరచేతులు నాకింకా గుర్తే. ఆయన నడుం పోయింది ఒక్క బరువు వల్లే కాదు, పాదాలు కదపకుండా ఒళ్లు మెలితిప్పడం వల్ల. ముందు పాదాలు లారీ వైపు తిప్పు, ఆ తర్వాతే ఒళ్లు తిరగాలి. టిక్కీని పొట్టకు ఆనించుకునే లేపు. నేల మీదున్నదాన్ని ఒక్కడివే ఎత్తొద్దు, మేస్త్రీ విసుక్కున్నా సరే, ఇంకొకరిని పిలువు. నొప్పి పిక్కలోకి దిగి కాలు తిమ్మిరెక్కితే డాక్టరుకు చూపించు. మూత్రం బిగిసిపోయినా, తెలియకుండా పోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లిపో.