ఇడుపులపాయ, పులివెందుల: ఎవరి సమాధి ఎక్కడ?

ఒక్క రోజులో వైఎస్ కుటుంబ నాయకుల సమాధులన్నీ చూడాలి, అన్నీ ఇడుపులపాయలోనే ఉన్నాయా అని అడిగారు కదా, లేదండీ. అక్కడున్నది రాజశేఖరరెడ్డిగారి సమాధి, వైఎస్ఆర్ ఘాట్ అంటారు. 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ప్రమాదంలో పోయాక ఆయన్ని సొంత ఎస్టేట్‌లోనే ఖననం చేశారు.

వాళ్ల నాన్న రాజారెడ్డిగారి సమాధి మాత్రం పులివెందుల టౌన్‌లో ఉంది. 1998లో హత్యకు గురయ్యారాయన. 2019 మార్చిలో హత్యకు గురైన రాజశేఖరరెడ్డిగారి తమ్ముడు, మాజీ ఎంపీ వివేకానందరెడ్డిగారిని కూడా ఆ రాజారెడ్డి ఘాట్‌లోనే పూడ్చారు. ఆటోవాళ్లతో ఉత్త 'ఘాట్' అంటే కుదరదు, ఎవరి ఘాటో కూడా చెప్పండి.

కడప నుంచి వస్తుంటే వేంపల్లె మీదుగా ముందు ఇడుపులపాయ చూసుకుని తర్వాత పులివెందుల పోవడమే తేలిక, ఒక్క పూట చాలు. ఇడుపులపాయలో దారి అడగాల్సి వస్తే ట్రిపుల్ ఐటీ పేరు చెప్పండి, వైఎస్ఆర్ ఘాట్ ఆ పక్కనే. జులై 8 రాజశేఖరరెడ్డిగారి జయంతి, సెప్టెంబరు 2 వర్ధంతి, ఆ రెండు రోజులూ మాత్రం వద్దు. వీఐపీలు, పోలీసులు, జనం, ఇక మీరు చూసేదేముంటుంది?