పెళ్లి కానుకగా ఒక పాట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ప్రేమ కవిత అందింది. ఇరవై పంక్తుల్లో ఆమెను వెన్నెల అన్నావు, ఏరు అన్నావు, తొలకరి అన్నావు. చదవడం ముగించాక ఆమె ముఖం మాత్రం నాకు కనిపించలేదు. అందుకే, నేను ఎన్నో ఏళ్లుగా వింటున్న ఒక ఇంగ్లిష్ పాట గురించి రాస్తున్నాను.

బ్రిటిష్ రాక్ బృందం 'ద క్యూర్' 1989లో విడుదల చేసిన 'లవ్‌సాంగ్' అది. గాయకుడు రాబర్ట్ స్మిత్ బడి రోజుల నుంచి ఎరిగిన మేరీని 1988లో పెళ్లాడాడు. ఆమెకు పెళ్లి కానుకగా రాసిన పాట ఇది.

చరణాలు గమనించు. నీతో ఏకాంతంగా ఉన్నప్పుడల్లా మళ్లీ ఇంటికి చేరినట్టుంటుంది అంటాడు. మరుసటి పంక్తిలోనూ అదే వాక్యం. ఒక్క మాట మారి, మళ్లీ నిండు మనిషినైనట్టు అంటాడు. ఆపైన పడుచుదనం, సరదా, స్వేచ్ఛ వస్తాయి. చివరికి, మళ్లీ శుభ్రపడినట్టు! ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ప్రేమ మనిషిని కడుగుతుందని చెప్పడానికి ఆ చిన్న మాట చాలింది. అదే వాక్యం అయిదుసార్లు వినిపించి మన చెవిని సిద్ధం చేసింది కనుకనే దానికి అంత బరువు.

మాటలు ఇంత నిశ్చింతగా ఉంటే బాణీ మాత్రం పాశ్చాత్య సంగీతంలో దిగులు పలికించే మైనర్ స్వరాల్లో నడుస్తుంది. చరణాల కింద సైమన్ గాలప్ బేస్ గిటార్ ఒకే వరుసలో తిరుగుతుంటుంది. పల్లవిలో, ఎంత దూరాన ఉన్నా ప్రేమిస్తూనే ఉంటానని మాట ఇస్తాడు. కచేరీల కోసం దేశాలు తిరిగే మనిషి ఇచ్చిన మాట అది. దూరమన్న పదాన్ని అలా తాకి వదిలేస్తాడు, బెంగనంతా బాణీ మోస్తుంది. 'డిసింటెగ్రేషన్' ఆల్బమ్‌లోని సుదీర్ఘమైన చీకటి పాటల మధ్య ఇది మూడున్నర నిమిషాలే. అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది.

కవితకు గిటార్ లేదు కదా అంటావేమో. వాక్యానికి విరుపు ఉంది, తిరిగి తిరిగి వచ్చే మాట ఉంది. నీ బెంగను వాటికి అప్పగించి చూడు.

పన్నెండో పంక్తిలో ఆమె కదిలే బస్సు కిటికీలోంచి నీ గొడుగు తిరిగి ఇచ్చింది. ఆ పంక్తిలో ఉపమానం లేదు. ఆమె నాకు కనిపించింది అక్కడే. అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.